నర్సమ్మత్త చదివిన పేజీ

మార్చి 22, శనివారం

మా ఆఫీసు చేసిన రక్తపరీక్షల ల్యాబ్ సైట్ లైవ్ అయింది. హిందీ, ఇంగ్లీషు, తెలుగు. తెలుగు పెట్టించింది నా పట్టుదలే. మా బాస్ రాకేష్ సర్ మొదట్నుంచీ వద్దనే అన్నాడు. కుర్రాళ్ళకి తెలుగు చదవడం రాదు, పెద్దవాళ్ళకి ఫోన్ చూడడం రాదు, బిలాస్‌పూర్‌లో తెలుగు పేజీ ఎవరు తెరుస్తారు అన్నాడు. రైల్వేలో పనిచేసిన తెలుగువాళ్ళు మూడు తరాలుగా ఇక్కడే ఉన్నారు సర్, నేనే రాస్తాను, నేనే చూసుకుంటాను అన్నాను. ఆఫీసులో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. అందుకు కొంచెం గర్వం కూడా ఉంది.

ఇంటికి రాగానే పక్కింటి నర్సమ్మత్త దగ్గరికి వెళ్ళి ఆవిడ ఫోన్‌లో భాష తెలుగుకి మార్చాను. ల్యాబ్ పేరు కొట్టి ఇచ్చాను. ఏ బటనూ నొక్కకుండానే తెలుగు పేజీ వచ్చింది.

"నాను తెలుగుదాన్నని దానికెలా తెలిసిందే?" అంది.

పేజీ అడిగేటప్పుడే ఫోన్ తన కోరిక చెప్పుకుంటుందని చెప్పాను. ముందు తెలుగు, లేకపోతే హిందీ, అదీ లేకపోతే ఇంగ్లీషు అని. సర్వర్ తన దగ్గరున్న వాటిలో ఏది ఎక్కువ సరిపోతుందో చూసి అది పంపుతుంది.

"అచ్ఛా, అడక్కుండానే వడ్డిస్తాదన్నమాట" అంది.

అప్పలకొండ మావయ్యకి పేజీ మొత్తం బిగ్గరగా చదివి వినిపించింది. మావయ్య గూడ్సు గార్డుగా రిటైరయ్యాడు. సుగరు, చూపు తక్కువ. ఆయన మాత్రలన్నీ అత్త చేతి మీదే నడుస్తాయి. పలాస దగ్గర ఊళ్ళో ఏడో తరగతి చదివింది. ఇన్నాళ్ళూ ఆ చదువుకి ఇక్కడ పని లేదు. ఇవాళ ఆవిడ గొంతు విని ముచ్చటేసింది.

ఏప్రిల్ 9, బుధవారం

ల్యాబ్ డాక్టరమ్మ నుంచి మెయిల్. పరగడుపున చేసే పరీక్షల పేజీలో ఒక మాట మార్చాలట. "రోజూ వేసుకునే మాత్రలు మానకండి" అని ఉంది కదా, సుగరు మాత్రలు మాత్రం రక్తం ఇచ్చి, ఏదైనా తిన్నాకే వేసుకోవాలి అని చేర్చాలి. ముందు వాళ్ళకే తట్టలేదు, ఇప్పుడు గమనించారు. అర్జెంట్ అంది. హిందీ, ఇంగ్లీషు వాక్యాలు ఆవిడే పంపింది. పది నిమిషాల్లో పెట్టేశాను.

తెలుగు నేను రాయాలి. లంచ్ టైమ్ అయింది. తర్వాత వేరే పని వచ్చింది.

వెళ్ళేముందు రాకేష్ సర్ మూడూ అయ్యాయా అని అడిగాడు. హోగయా సర్, అయిపోయాయి అన్నాను. రేపటికి అయిపోతుంది కదా అని.

ఏప్రిల్ 10

వకీళ్ళ సైట్ పని మీద రోజంతా హైకోర్టు దగ్గర బోద్రీలో. ఎండ. తెలుగు రేపు.

ఏప్రిల్ 28, సోమవారం

అప్పలకొండ మావయ్య పడిపోయాడు. ల్యాబ్ మెట్ల మీద.

రక్త పరీక్షకని అత్త పొద్దున్నే తీసుకెళ్ళింది. ఆటోలోనే చెమటలు పట్టాయట. ఎండ అనుకుందట. మెట్లెక్కుతుంటే చెయ్యి వదిలేసి పక్కకి ఒరిగిపోయాడు. సుగరు బాగా పడిపోయిందని ల్యాబ్ వాళ్ళే పరుగెత్తుకొచ్చి గ్లూకోజు ఎక్కించారు. తెలివి వచ్చింది. కానీ తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చెయ్యాలి.

అమ్మా నేనూ ఆసుపత్రికి వెళ్ళాం. అత్త వరండాలో నేల మీద కూర్చుని ఉంది. చేతిలో మావయ్య చెప్పులు. ఏమయింది అత్తా అన్నాను. పొద్దున్న లేవగానే మామూలుగానే సుగరు మాత్ర వేసిందట, ఏమీ పెట్టకుండా తీసుకొచ్చిందట.

"మాత్రలు మానొద్దని రాసున్నాది కదే, అందుకే ఏసినాను" అంది.

అంతవరకూ నాకు గుర్తే రాలేదు. సరిగ్గా ఆ మాట దగ్గర గుర్తొచ్చింది.

ఏప్రిల్ 29, మంగళవారం, ఆఫీసు

అందరికంటే ముందు వచ్చాను. నా బ్రౌజర్‌ని తెలుగు అడిగేలా పెట్టి పేజీ తెరిచాను. పాతదే. మార్చిలో నేను రాసిన వాక్యం, నా మాటల్లోనే. హిందీ అడిగితే కొత్తది. ఇంగ్లీషు అడిగితే కొత్తది.

సర్వర్ తప్పేం లేదు. అది భాష సరిపోయిందా అనే చూసింది. ఏది తాజాదో, ఏది పాతబడిందో చూడమని దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేనే. ఇంకో భాషలో కూడా ఈ పేజీ ఉంది అని కింద ఒక లింకైనా పెట్టలేదు. పేజీ శుభ్రంగా ఉండాలని.

రాకేష్ సర్ మాట విని తెలుగు తీసేసి ఉంటే అత్తకి హిందీ పేజీ వచ్చేది. ఆవిడ హిందీ మాట్లాడుతుంది కానీ చదవలేదు. కొడుక్కి ఫోన్ చేసి అడిగేది. మావయ్య ఇవాళ తన మంచం మీద కూర్చుని టీ తాగుతూ ఉండేవాడు.

కొత్త వాక్యం రాసి పెట్టేశాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఏప్రిల్ 30, బుధవారం

ఆపరేషన్ అయింది. నడవడానికి నెలలు పడుతుందన్నారు. ఇక కర్ర తప్పదట.

రాజేంద్ర ఉస్లాపూర్ నుంచి వచ్చాడు. అత్త కొడుకు, బ్యాంకులో ఉద్యోగం, భార్యతో అక్కడే ఉంటాడు. వార్డు బయట తన ఫోన్‌లో ల్యాబ్ పేజీ తెరిచి తల్లి ముందు పెట్టాడు. అది హిందీ పేజీ.

"సాఫ్ సాఫ్ లిఖా హై అమ్మా. సుగరు మాత్ర తర్వాత వేసుకోండి అని. నువ్వేం చదివావు?"

మానొద్దనే ఉంది అంది అత్త. నీ ఫోన్ తియ్యి అన్నాడు. ఆవిడ తీసింది. వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదువుకుంటూ వెళ్ళింది. ఆ వాక్యం దగ్గర ఆగింది. మళ్ళీ మొదటికి వెళ్ళింది.

నిన్న నేను పెట్టిన వాక్యం అది.

"మొన్న ఇలగ నేదురా" అంది.

రాజేంద్ర తన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అత్త నా వైపు తిరిగి, "నువ్వు సూడవే, నాకు కళ్ళు సరిగ్గా ఆనడం నేదేటి" అంది. ఫోన్ తీసుకున్నాను. తర్వాత తినమనే ఉంది అత్తా అన్నాను. తినడం కాదు, వేసుకోవడం. మాట కూడా తప్పు పలికాను. ఎవరూ పట్టించుకోలేదు.

తప్పు దిద్దాననుకున్నాను. ఆవిడ దగ్గరున్న ఒక్క సాక్ష్యం తుడిచేశాను.

మే 2, శుక్రవారం

రాకేష్ సర్‌కి చెప్పాను. కేబిన్ తలుపు వేసి కూర్చోమన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండును. ఇప్పుడు పేజీ ఠీక్ హై నా అని అడిగాడు. అవునన్నాను. అయితే ఎవరికీ చెప్పకు, క్లయింట్‌కి అసలే వద్దు, ముసలావిడ పొరపాటు పడిందనే అందరూ అనుకుంటున్నారు కదా, అలాగే ఉండనీ అన్నాడు.

తలూపాను. బయటికొచ్చాక తెలిసింది, ఆ మాట ఆయన అనాలనే నేను వెళ్ళానని.

మే 6

అమ్మ వాళ్ళింటికి పప్పుచారు పంపమంది. గుమ్మంలో పెట్టి వచ్చేశాను.

మే 11, ఆదివారం

మావయ్య ఇంటికి వచ్చాడు. హాల్లో మంచం వేశారు. రాజేంద్ర సెలవు పెట్టి ఇక్కడే ఉంటున్నాడు.

మాత్రల డబ్బా ఇప్పుడు రాజేంద్ర దగ్గర ఉంది. బీరువాలో పెట్టి తాళం వేశాడు. మావయ్య అలవాటుగా "నర్సమ్మా, మాత్ర" అంటే అత్త లేచి నిలబడింది. రాజేంద్ర నువ్వుండమ్మా అని తను వెళ్ళాడు. ఆవిడ కొంతసేపు అలాగే నిలబడి, తర్వాత కూర్చుంది. నలభై ఏళ్ళు ఆయన డ్యూటీకి పట్టుకెళ్ళే లైను బాక్సు సర్దింది ఆవిడే, ఏ డ్యూటీకి ఏ కూర కట్టాలో ఆవిడకే తెలుసు.

అమ్మకి మతిమరుపు మొదలైంది, పెద్ద డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను అని రాజేంద్ర మెల్లగా నాతో చెప్పాడు. మంచివాడే. తల్లి మీద బెంగతోనే చెప్పాడు. ఫోన్ కూడా హిందీకి మార్చేశాడు. ఎలాగూ చదవడం మానేసిందట.

నేను లేస్తుంటే అత్త వాకిట్లోకి వచ్చింది. చుట్టూ చూసి అడిగింది.

"మాధవీ, నిజం సెప్పు. మా అమ్మకి ఆకర్ని మతి పోనాది. నాకూ పోతన్నాదేటి? అచ్చరాలు కళ్ళ ముందే మారిపోతాయా?"

అలాంటిదేం లేదు అత్తా అన్నాను. ఆ మాట నిజమే. అంతకన్నా పెద్ద అబద్ధం నేనెప్పుడూ ఆడలేదు.

మే 13, మంగళవారం

చెప్పేశాను.

ఇవాళ సాయంత్రం పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాలి వాళ్ళు. మధ్యాహ్నమే లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను. అత్త పాత చీర కట్టుకుని బయల్దేరడానికి సిద్ధంగా కూర్చుని ఉంది. మావయ్య మంచం మీద. రాజేంద్ర కాగితాలు సర్దుతున్నాడు.

అత్తకి మతి పోలేదు, నేను చెప్పేది వినండి అన్నాను. రాజేంద్ర కూర్చోమన్నాడు. నిలబడే చెప్పాను. డాక్టరమ్మ మెయిల్ గురించి చెప్పాను. రెండు భాషలు మార్చి మూడోది వదిలేశాను. అయిపోయిందని అబద్ధం చెప్పాను. సర్వర్ ఎవరి ఫోన్ ఏ భాష అడిగితే ఆ పేజీ ఇస్తుంది కాబట్టి మీ అందరికీ కొత్తది కనబడింది, అత్త ఒక్కదానికే పాతది వచ్చింది. మావయ్య పడిన మర్నాడు నేను పోయి మార్చేశాను. అందుకే ఆసుపత్రిలో చూస్తే వేరేగా ఉంది.

రాజేంద్రకి సగమే అర్థమైంది. ఒకే అడ్రసు, ఒకే పేజీ, రెండు రకాలుగా ఎలా ఉంటుంది అన్నాడు. లాప్‌టాప్ తెరిచి మార్చిలో దాచిన కాపీ చూపించాను. కాసేపు చూశాడు. నాకు తెలుగు చదవడం రాదు కదా అన్నాడు. తల్లి వైపు తిరిగాడు.

అత్త కళ్ళజోడు పెట్టుకుంది. లాప్‌టాప్ ఒళ్ళోకి లాక్కుని మొదటి లైను నుంచి చదివింది, బిగ్గరగా, బళ్ళో చదివినట్టు. పరగడుపున రండి. మంచినీళ్ళు తాగవచ్చు. రోజూ వేసుకునే మాత్రలు మానకండి. అక్కడితో ఆగలేదు. ల్యాబ్ వేళలు, ఫోన్ నంబరు, అన్నీ చదివేసింది. చదవడం అయ్యాక వేలు ఆ వాక్యం మీద పెట్టింది.

"ఇదే. నాను సదివినాది ఇదే. సరిగ్గానే సదివినానా?"

సరిగ్గానే చదివావు అత్తా అన్నాను.

"రాజేంద్రా, ఇన్నావా?" అంది. విన్నానమ్మా అన్నాడు. "మళ్ళీ ఇను" అని మళ్ళీ చదివింది. మావయ్య మంచం మీద నుంచి, అది సరిగ్గా చదువుతాదని నాకు తెలుసురా, నన్నెవుడడిగినాడు అన్నాడు.

నవ్వో ఏడుపో, ఆవిడ భుజాలు కదిలాయి. నేను వెళ్ళి పక్కన కూర్చోబోయాను. లాప్‌టాప్ మూసి నా చేతికిచ్చింది.

"పదిహేను రోజులు, మాధవీ. నా మొకం సూసి అలాటిదేం నేదు అన్నావు. పేజీ మరిసిపోతే మరిసిపోయినావు. అది ఎవులైనా మరుస్తారు. ఇది మరుపు కాదు."

లేదత్తా అన్నాను.

"ఎల్లు" అంది.

కోపంగా అనలేదు. అన్నం తినడానికి పిలిచినట్టే, మామూలు గొంతుతో అంది. గుమ్మం దాటుతుంటే బీరువా తాళం తీసిన చప్పుడు వినబడింది. ఫోన్‌ని మళ్ళీ తెలుగుకి మార్చమని కొడుకుతో అంటోంది. నేను మార్చి ఇస్తానని వెనక్కి తిరిగాను. ఆవిడ ఫోన్ రాజేంద్ర చేతిలోనే పెట్టింది.

మే 19, సోమవారం

రాజేంద్ర ల్యాబ్‌కి వెళ్ళి మాట్లాడాడు. నా మీద అరుస్తాడనుకున్నాను. వీధిలో ఎదురుపడినా పలకరించడం లేదు, అంతే.

డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ పిలిపించింది. రాకేష్ సర్ తెలుగు తీసేస్తామన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. మా దగ్గరికి వచ్చే ముసలివాళ్ళు ఏ భాషలో చదవగలరో ఆ భాషలోనే చదవాలి, మీరు ఏదైనా మారిస్తే మూడూ కలిపి మార్చండి, లేదంటే ఏదీ మార్చకండి అంది. ప్రతి పేజీ పైన ఎప్పుడు మార్చారో తేదీ ఉండాలి, మిగతా భాషల లింకులు పక్కనే ఉండాలి. ఏ భాషలో కొత్త వాక్యం రాకపోతే, ఆ భాష పేజీ సర్వర్ ఇవ్వకూడదు.

బయటికొచ్చాక సర్ నాకంటే ముందే బండెక్కి వెళ్ళిపోయాడు. ల్యాబ్ పని నా దగ్గర్నుంచి తీసేస్తాడనుకున్నాను. తియ్యలేదు. తెలుగు చదవగలిగేది ఇంకెవరూ లేరు.

అమ్మకి అంతా తెలిసింది. నీ మీద కోపం లేదు కానీ ఆవిడ ఎదురైతే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీడం లేదు అంది. నలభై ఏళ్ళుగా రెండిళ్ళకీ మధ్య గోడ తలుపు తెరిచే ఉండేది. ఇప్పుడు మూసి లేదు. దగ్గరగా వేసి ఉంది.

జూన్ 7, శనివారం

నర్సమ్మత్త దగ్గర్నుంచి మెసేజ్. ఆవిడ ఎప్పుడూ పంపలేదు నాకు. తెలుగులో, ఒక్కటే లైను.

"నీ పేజీలో సలహా కి దీర్గం నేదు."

చూశాను. లేదు. దిద్దాను.