తోర్వాలో ఆచూకీ లేని మనిషి

9 సెప్టెంబర్ 2025

రామకోటి తప్ప నేనెప్పుడూ ఏమీ రాయలేదు. ఇవాళ దేవుడికి చెప్పుకోవడానికి కూడా నోరు రాలేదు. అందుకే రాస్తున్నాను.

రైల్వే హాస్పిటల్లో బీపీ మాత్రల కోసం మా ఆయన ఉద్యోగం మీద వచ్చిన కార్డు ఇచ్చాను. గుమాస్తా కంప్యూటర్లో చూసి నా పేరు తీసేశారన్నాడు. ఎందుకని అడిగితే, ఆంటీ, మీ డివోర్స్ జూలైలోనే అయిపోయింది కదా అన్నాడు. వెనక లైను ఉంది. అచ్ఛా అని పక్కకు జరిగాను.

10 సెప్టెంబర్

అమ్మాయి భవిత ఫోన్లో వెతికింది. కోర్టు సమన్లు మార్చిలో ఏదో ఆన్‌లైన్ పేపర్లో వేశారు. ఆ పేపరు పేరే నేను వినలేదు. భార్య కనకమహాలక్ష్మి ఆచూకీ తెలియదట. నేను హాజరు కాలేదని జూలై 22న విడాకులు ఇచ్చేశారు.

ఈ తోర్వా పేటలో ఇదే ఇంట్లో ఇరవై ఆరేళ్లు.

11 సెప్టెంబర్, ఉదయం 6

ఆయన ఇదే ఊళ్లో కుదుదండ్‌లో ఇంకో ఆవిడతో కాపురం పెట్టినప్పుడు, కోర్టు నోటీసు పేపర్లో పడుతుంది, చూసుకుంటుండమని మా వదిన నీలవేణి హెచ్చరించింది. రెండేళ్లుగా నోటీసుల పేజీ చివరి అక్షరం దాకా చదివాకే అందులో దేవుడి నిర్మాల్యం చుట్టాను. ఎవరెవరు పేర్లు మార్చుకున్నారో, ఎవరి మార్కుల షీట్లు పోయాయో నాకు తెలుసు.

నా సంగతే తెలియలేదు.

12 సెప్టెంబర్

వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8న. ఇక్కడి తెలుగువాళ్ల ముందు పరువు కోసం ఆయన ఏటా వస్తారు. వచ్చారు. పులిహోర రెండోసారి పెట్టించుకుని, ఉప్పు తగ్గించేసినావేటే, నీ బీపీ మాకూ అంటిస్తావా అని నవ్వారు. కాళ్లకు దండం పెట్టాను. అప్పటికి నేను ఆయన భార్యను కాను.

దీవించారు కూడా.

15 సెప్టెంబర్

ఆయనకు ఫోన్ చేశాను. లోకమంతా చూసేటట్టే యేసినాం, నువ్వు ఫోను సూడకపోతే నేనేటి సేసేది అన్నారు. ఆచూకీ తెలియదని ఎందుకు రాయించారని అడిగాను. అలా రాస్తేనే ఇంటికి పంపకుండా పేపర్లో ఎయ్యనిస్తారట, వకీలు చెప్పాడట. ఫోన్ పెట్టేస్తూ ఆరోగ్యం జాగ్రత్త అన్నాడు.

ఇకనుంచి ‘అన్నారు’ అని రాయను.

19 సెప్టెంబర్

నేను పెట్టుకున్న వకీలు మీనాక్షి, మొగుడు కావాలా అమ్మా అని అడిగింది. వద్దన్నాను. ఆచూకీ తెలియదన్న మాట కొట్టేయించమన్నాను. ఆ ఒక్క మాట విడిగా కొట్టేయరట, కేసు మొత్తం మళ్లీ తెరవాలట.

తెరవమన్నాను.

23 సెప్టెంబర్

అఫిడవిట్‌లో చిరునామా నా చేత్తో నింపాను. గుమ్మం ముందు తులసి ఉందని కూడా రాశాను.

భవితా, హిందీ బడిలో చదివిన నీకు తెలుగు చదవడం రాదు. అందుకే ఈ పేజీలు నీకు. దాచు. ఎవరికీ చూపకు.