కాపీ అవుతూనే ఉన్న క్యాసెట్టు

చింతామణిలో రేడియోలు, మిక్సీలు రిపేరు చేసే అంగడి ముప్పై ఎనిమిదేళ్ళు నడిపిన, కీ.శే. గురప్ప గారి రెండో కొడుకు గుండప్ప అనే నేను, డెబ్భై రెండేళ్ళ వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా. నా బుద్ధి స్థిమితంగానే ఉంది. చెయ్యి వణకడం రెండేళ్ళ నుంచీ ఉన్నదే, దాన్ని చూసి బుద్ధిని శంకించవద్దు. దీన్ని అమలు జరిపే బాధ్యత చిక్కబళ్ళాపురంలో ఉన్న నా కూతురు నమ్రతది.

1. ఇల్లు, మూసేసిన అంగడి గది నా తదనంతరం నా భార్య సులోచనమ్మకు, ఆమె తర్వాత నమ్రతకు చెందుతాయి. ఇందులో తగాదా ఏమీ లేదు కాబట్టి ఇంత చాలు.

2. మూడు చచ్చిన మిక్సీల నుంచి నేను చేసిన ఒక మిక్సీ కూడా సులోచనమ్మకే. దాని లోపలి వైర్లు నాకు తప్ప ఎవరికీ అర్థం కావు. అది చెడిపోతే, నా మీద అభిమానంతో దాన్నే పట్టుకుని కూర్చోకుండా ఆమె కొత్తది కొనుక్కోవాలి.

3. టీవీ వెనక ఉన్న అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు, దానికి తగిలించిన రెండు హార్డ్‌డిస్కులు నమ్రతకు. ఇంటి ఫోటోలు, పొలం కాగితాలు అన్నీ అందులో ఉన్నాయి. ఇంట్లో వైఫై ఉన్న ఏ ఫోన్లోనైనా చూడవచ్చు. రెండు డిస్కుల్లోనూ ఉన్నది ఒకటే, ఒకటి చెడితే రెండోది ఆదుకుంటుంది. అయితే ఎవరైనా పొరపాటున ఏదైనా చెరిపితే రెండింట్లోనూ పోతుంది. అందుకే మూడో డిస్కు విడిగా చేశాను, అది వేరే ఊళ్ళో ఉండాలి. పాస్‌వర్డు బియ్యం డబ్బా మూత లోపల అతికించాను. సులోచనమ్మ మూత కడిగేసిందేమోనని రెండు రోజులకోసారి తీసి చూస్తున్నాను.

4. షరతులు. గ్రైండరు కోసం ఆ చిన్న కంప్యూటరు ప్లగ్గు పీకరాదు. ఎన్నిసార్లు చెప్పినా సులోచనమ్మది ఒకటే వాదం: "పిండి పులిసిపోతాది, నీ డబ్బా ఏమన్నా పులిసేదా?" ఆయుధపూజకు దాన్ని తప్పకుండా పూజించవచ్చు. కానీ ముందు ఫోన్లోంచి ఆపి, పచ్చ లైటు ఆరేదాకా ఆగి, ఆ తర్వాతే ప్లగ్గు తీసి, మూత మీద పొడి కుంకుమ మాత్రమే పెట్టాలి. తడి గంధం పనికిరాదు. ఈ షరతు ఎందుకో కింది అంశంలో ఉంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

5. <s>నా తదనంతరం</s> మూడో డిస్కు గూళూరులో ఉండే మా అన్న కృష్ణప్పకు చెందుతుంది. అందులో పదకొండు నిమిషాల వీడియో ఉంది. అన్న ఇచ్చిన వీడియో క్యాసెట్టు గంటన్నరది. ఆయన ఇంటి గృహప్రవేశం నాటిది. మా వదిన రామలక్ష్మమ్మ మాట వినిపించేది లోకంలో అదొక్కటే. ఆమె పోయిన మరుసటి ఏడు దాన్ని తెచ్చి, "నీ చేతిలో పెడితే బీరువాలో పెట్టినట్లేనప్పా" అన్నాడు. అప్పుడు నా దగ్గర ఉన్నది ఒకటే డిస్కు. బూజు పట్టిన క్యాసెట్టు, డిస్కులోకి ఎక్కించడం పూర్తవుతూనే తెగిపోయింది. తెగితేనేం, డిస్కులో ఉంది కదా అని పారేశాను. ఆ వారమే ఆయుధపూజ. అంగడిలో ప్రతి ఏడూ చేసినట్లే, స్క్రూడ్రైవర్ల నుంచి స్కూటరు దాకా అన్నీ వరసగా పెట్టి, కంప్యూటరు, డిస్కు పని చేస్తుండగానే ప్లగ్గు పీకి, వాటికీ తడి గంధం పూశాను. గంధం లోపలికి కారింది. పూజయ్యాక పెట్టి చూస్తే డిస్కు కిర్రుమంది. వేల రేడియోలు బాగుచేసిన వాణ్ణి, అక్కడే కూర్చుని ఏడ్చాను. బెంగళూరులో బాగుచేయిస్తే మిగిలింది ఈ పదకొండు నిమిషాలు.

అన్న అడిగినప్పుడల్లా "కాపీ అవుతాండాదన్నా" అన్నాను. మూడేళ్ళుగా కాపీ అవుతూనే ఉంది. పోయిన ఉగాది నుంచి ఆయన అడగడం మానేశాడు. అడిగిన రోజుల కంటే ఇదే ఎక్కువ భయంగా ఉంది.

ఆ పదకొండు నిమిషాల్లో వదిన ముఖం రెండుసార్లే కనిపిస్తుంది. మిగతా అంతా బంతిలో బొబ్బట్లు వడ్డిస్తున్న ఆమె గొంతు: "గుండప్పా, ఇంగొక ఓళిగ వేసుకో, యాడికి పోతాండావు?" మిగిలిన కాస్తలో కూడా ఆమె పిలుస్తున్నది నన్నే. అందుకు సిగ్గుపడుతున్నాను.

6. దిద్దుబాటు. ఇదంతా లాయరు గారు చదివి వినిపించారు. మా అన్నకు డెబ్భై ఎనిమిది, నాకంటే ఆరేళ్ళు పెద్ద. నేను పోయేదాకా ఆయన ఆ గొంతు కోసం కాచుకుని ఉండాలని నేనే రాయించానని, వింటున్నప్పుడు గానీ తెలియలేదు. కాబట్టి ఐదో అంశంలో మొదటి రెండు మాటలు నేనే కొట్టివేసి పక్కన సంతకం చేశాను. రేపు పొద్దున బాగేపల్లి బస్సెక్కి, అక్కడ గూళూరు బస్సు మారి, డిస్కు నా చేతులతో ఇస్తాను. వేరే ఊళ్ళో ఉండాలన్న షరతూ తీరుతుంది. అన్న తిడతాడు. తిట్టడం అయ్యేదాకా కూర్చుని, ఆ తర్వాత ఆయన టీవీకి తగిలించి వస్తాను.

చింతామణి, 17 నవంబరు 2025.

(సంతకం) గుండప్ప

మా ఎదుట గుండప్ప గారు చదివించుకుని, దిద్ది, సంతకం చేశారు. సాక్షులు:
1. మోహన్‌కుమార్, పక్కింటివారు
2. అమరేష్, ఎదురంగడి