మీ తమ్ముడు మళ్ళీ నిలబడతాడట

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. పొద్దున్నే లండన్ నుంచి మీ తమ్ముడు ఫోన్ చేశాడు. మీరుంటే ముందు ఇదే అడిగేవారు కాబట్టి చెబుతున్నాను, ఎన్నికల్లో ఓడిపోయాడు.

గంజ్ మార్కెట్‌లో మీ పక్కన కూర్చుని పత్తి బేరం నేర్చుకున్న మనిషి, అక్కడ బట్టల ఫ్యాక్టరీ పెట్టి పార్లమెంటు దాకా వెళ్ళాడు. కూలీల జీతాలు పెంచే చట్టం వస్తే సొంత పార్టీని కాదని దానికే ఓటేశాడట. వాళ్ళు టికెట్ ఇస్తారా మరి? ఒంటరిగా నిలబడి ఓడాడు.

ఇక్కడ కరెంటు లేదు. జిల్లాలోనే తయారవుతుంది, మన ఇంటికి మాత్రం రాదు. చెమట తుడుచుకుంటూ తిట్టాను.

"నీకేమన్న పిచ్చా? ఫ్యాక్టరీ చూసుకోక గీ రాజకీయాలేంది?"

"మల్ల నిలబడ్త వదినా."

"ఎవరేస్తరు ఓటు?"

"తెల్వదు. అన్న ఉంటే ఏమనెటోడు?"

చాలు, ఇంట్ల కూసోమనేటోడని చెప్పబోయాను. అంతలో, ఒకప్పుడు మీరు హమాలీల పక్షాన మాట్లాడి, తోటి వ్యాపారులెవరూ పలకరించకపోయినా మూడు నెలలు గంజ్‌లో తలెత్తుకుని తిరగడం గుర్తొచ్చింది. మీ పేరు చెప్పి అబద్ధం ఆడలేకపోయాను.

"నిలబడుమనేటోడు, ఇంకేమంటడు!" అని కసిరాను.

"ప్రచారానికి నువ్వు రా వదినా" అన్నాడు.

మీ అన్నదమ్ములతో వేగడం నావల్ల కాదు. సాయంత్రం వెళ్ళి పాస్‌పోర్టుకు ఫొటో దిగి వచ్చాను.