పోలమ్మ అడిగిన కూలి

పెద్దారవీడు,
చైత్ర బహుళ పంచమి, 1936

ప్రియమైన నాయనకు,

నీ సావిత్రి దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమమని రాయాలి గానీ, నేను మాత్రం క్షేమంగా లేను. కోపంతో ఉడికిపోతున్నాను. అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

మా చేలలో మంద కట్టే మాల్యాద్రికి మళ్లీ చలిజ్వరం వచ్చింది. వాళ్ల గొర్రెలు రాత్రుళ్లు చేలో పడుకుంటేనే మాకు ఎరువు. అందుకు కూలిగా మేము జొన్నలు కొలుస్తాం. తపాలాఫీసులో క్వినైను మాత్రలు అమ్ముతున్నారు, నిజమే. కానీ తపాలాఫీసు వాళ్లు జొన్నలు తీసుకోరు గదా. ఆ గింజలు దుకాణంలో పోసి డబ్బు చేసుకునేసరికి దుకాణందారు సగం మింగేస్తాడు. అందుకని మందలవాళ్లు ఇంటికంతా ఒక్క పొట్లం కొంటారు. ఒణుకు తగ్గగానే మిగతా మాత్రలు ఇంకొకరికని దాచిపెడతారు. అది పొదుపనుకుంటారు. ఏ ఒక్కరికీ మందు పూర్తిగా పడదు, జ్వరం ఎవరినీ వదలదు. "అన్నీ నా మొగుడే మింగితే మా అత్తకేం పెట్టేది అక్కా?" అని మాల్యాద్రి భార్య పోలమ్మ నన్ను అడిగింది.

నిన్న రైతులు మా అరుగు మీద కూర్చున్నప్పుడు గడప లోపలి నుంచే ఒక మాట అన్నాను. ఈసారి కూలిలో కొన్ని గింజలు తగ్గించి, ఆ మేరకు మనమే క్వినైను కొని ముందుగా ఇద్దామని. మా మామ గురవయ్య పకపకా నవ్వాడు. "మీ నాయన నీకు చదువు చెప్పించి మా నెత్తిన పెట్టినాడు. గొర్రెలోళ్ల జొరం గూడా మనమే మొయ్యాల్నా?" అన్నాడు. నన్నంటే పడతాను నాయనా. పదిమందిలో నిన్నన్నాడు. అన్నం సయించలేదు నాకు.

నువ్వు రావాలి. ఆడదాని మాట ఇక్కడ గడప దాటదు. నీ మాటకు మా మామ కూడా తలవంచుతాడు. మాల్యాద్రి ఈసారి లేవకపోతే పోలమ్మ మంద అమ్ముకోవాల్సిందే. బండి కట్టించుకుని బయలుదేరు.

నీ దారి చూస్తూ,
సావిత్రి


పెద్దారవీడు,
వైశాఖ శుద్ధ దశమి

నాయనా,

బండి సిద్ధం చేయించావని కబురు అందింది. విప్పించెయ్యి. నువ్వు రానక్కర్లేదు.

నువ్వొస్తావన్న ధీమాతో పోలమ్మతో ఒక తెలివితక్కువ మాట అన్నాను. "మా నాయన వచ్చి మీకు మందు ఇప్పిస్తాడు" అని. ఆమె మొహం ముడుచుకుంది. "ఇప్పిచ్చేదేందక్కా, మేమేమన్నా అడుక్కుంటున్నామా?" అని వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది.

మర్నాడు పొద్దుగూకే వేళకు మంద మా చేను గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. మాల్యాద్రి గొంగడి కప్పుకుని ఇంట్లో ఒణుకుతున్నాడు. కర్ర పట్టుకుని మంద ముందు పోలమ్మ నిలబడింది. ఎందుకు ఆపావని మా మామ గదమాయించాడు.

"ఈ ఏడు కూలి మారింది మామా. జొరమొచ్చిన మనిషి మనిషికీ పూర్తి మందు ముందు, జొన్నలు తర్వాత. సరేనంటే లోపలికి తోల్తా. లేకుంటే వెంకటస్వామి చేనికి పోతా. ఆయన ఒప్పుకున్నాడు."

"ఎవురు నేర్పినారే నీకు?"

"మీ కోడలే. ఆమె చెప్పేటప్పుడు నేను కొట్టం కాడ నిలబడి విన్నా. మాకు దానం ఇయ్యమన్లా మామా, కూలిలో ఇయ్యమనింది. అట్ల అడిగేది నాకు నచ్చింది."

వెంకటస్వామిది మా పక్క చేనే. ఎరువు అటు పోతుందంటే మా మామకు ప్రాణం పోయినంత పని. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు, తెల్లారి తపాలాఫీసుకు తనే వెళ్లొచ్చాడు. మాల్యాద్రి ఎదురుగా కూర్చుని పోలమ్మ ఒక్క మాత్ర మిగలకుండా మింగించింది. అత్తకు వేరే పొట్లం. ఇప్పుడతను మళ్లీ మంద వెంట నడుస్తున్నాడు. తక్కిన మందలవాళ్లూ ఇదే కూలి అడుగుతున్నారు. ఈ ఆలోచన తనదేనని మా మామ అరుగు మీద చెప్పుకుంటున్నాడు, చెప్పుకోనీ.

వాళ్ల కోసం నువ్వు మాట్లాడాలని పిలిచాను. వాళ్లు నాకంటే బాగా మాట్లాడగలరని నాకు తోచలేదు. ఆ గట్టు మీద పోలమ్మను చూస్తే నా ఒళ్లు గర్వంతో పులకరించింది నాయనా.

ఇంకొక్క మాట. జ్యేష్ఠంలో ఆమె మంద మన ముండ్లమూరు వైపు దిగుతుంది. ముందు నీ చేలకే వస్తుందట. క్వినైను తెప్పించి పెట్టుకో. లేకపోతే మంద నీ గట్టు దాటదు. నీ కూతురినని నేను సిఫారసు చెయ్యను.

తల ఎత్తుకుని తిరుగుతున్న,
నీ సావిత్రి