కిటికీ అవతల మహిమక్క చేతులు

కరీంనగర్,
మంగళవారం.

ప్రియమైన మహిమక్కకు,

చెల్లెలు బ్లెస్సీ ప్రేమతో చెప్పే వందనాలు. దేవుని దయ వల్ల ఇక్కడ బాపు, నేను బాగున్నాము. ఆదిలాబాద్‌లో నువ్వూ, నీ కుట్టుమిషనూ బాగున్నారని తలుస్తాను. బాపు మోకాళ్ల గురించి అడిగావు. మందు రాసుకుంటున్నాడు. రాసుకున్న వెంటనే చర్చిలో చెట్లకు నీళ్లు పోయడానికి పోతున్నాడు. అదేమంటే, "కూసుంటె మోకాళ్లు ఇంకింత పట్టుకుంటయి బిడ్డా" అంటాడు. నా మాట వినడు, నువ్వే వచ్చి కళ్లెర్రజేయాలి.

ఫోనులో మెసేజి పెట్టకుండా లెటరు ఎందుకు రాస్తున్నానంటే, మెసేజిని నువ్వు సగమే చదివి జవాబు కొడతావు. ఇది చివరిదాకా చదవాలి.

శనివారం ఇక్కడ ఫంక్షన్ హాలులో జరిగిన బ్లాగర్ల సదస్సుకు పోయి వచ్చాను. "బస్టాండ్ల మీద రాసేదానికి సదస్సు కూడానా?" అని వెక్కిరించావు కదా, అక్కడ కూడా మొదట నవ్వారు. ఏ బస్టాండులో చాయ్ బాగుంటుంది, ఎక్కడ ఆడవాళ్ల బాత్రూం శుభ్రంగా ఉంటుంది, వేములవాడ జాతరప్పుడు ఎక్కడ నిలబడితే సీటు దొరుకుతుంది, ఇవే నా రాతలని చెప్పాను. కాసేపటికి ఒక్కొక్కరే వచ్చి తమ ఊరి బస్టాండు గురించి కూడా రాయమన్నారు. నేను కొంచెం పొంగిపోయాను, ఒప్పుకుంటాను.

ప్లగిన్ అంటే ఏమిటని అడిగావు. నీ మిషనుకు జిగ్‌జాగ్ కుట్టు రావాలంటే ఒక చిన్న సామాను బిగిస్తావు చూడు, అట్లాంటిదే. మిషను అదే, పని కొత్తది. బ్లాగుకు ఒకటి బిగిస్తే ఫోటోలు తొందరగా తెరుచుకుంటాయి, ఇంకొకటి బిగిస్తే పిచ్చి కామెంట్లు రావు. ఇంకొకటి వీడియో కింద మాటలను అక్షరాల్లో వేస్తుంది. అన్నీ బిగిస్తే ఏమవుతుంది, ఒకదానికొకటి పడకపోతే ఎట్లా, పీకేస్తే పాత రాతలు పోతాయా అని అడుగుతూనే ఉన్నాను. నేర్పడానికి వచ్చిన రంజిత్ చివరికి దండం పెట్టాడు. "మేడం, మీరు జర ఊపిరి తీసుకుంటె, నేను మిగతది చెప్త."

మధ్యాహ్నానికి ముందు వీడియోల పాఠం మొదలైంది. "మీ ఫోన్ల ఉన్న వీడియో ఏదన్న సౌండు బంద్ చేసి సూపెట్టుండ్రి. అట్ల గూడ సమజయితెనే అది వీడియో, లేకుంటె రేడియో" అన్నాడు రంజిత్. అందరి వీడియోల్లోనూ పెదవులు ఆడుతున్నాయి గానీ సంగతేమిటో తెలియడం లేదు. నా వంతు వచ్చింది.

అక్కా, ఇక్కడి నుంచి కోపం రాకుండా చదువు.

పోయినసారి నేను తిరిగి వస్తుంటే ఆదిలాబాద్ బస్టాండులో కిటికీ అద్దం ఇరుక్కుపోయింది, గుర్తుందా? మిగతా వాళ్లంతా అద్దాల అవతల ఉన్న తమ వాళ్లతో "ఆఁ? ఏందీ? ఇనవడ్తలే!" అని గొంతు చించుకుంటున్నారు. నువ్వు మాత్రం కింద నిలబడి తీరికగా చేతులతో చెప్తున్నావు. డబ్బా కడిగి పంపు. బాపును ఎండలో తిరగనీయకు. పక్క సీటు ఆమె నిద్రపోతే నీ భుజం ఇవ్వకు. నిన్ను ఏడిపించడానికి దాన్ని ఫోనులో తీశాను. హాలులో చూపించింది అదే.

పిన్ని కూతురి పెళ్లిలో ఎవరో నీ సైగలను వెక్కిరించినప్పటి నుంచి నువ్వు మందిలో చేతులు చున్నీలో దాచుకుంటావు. చిన్నప్పుడు మనం కల్పించుకున్న ఆ భాషను నాకూ బాపుకూ తప్ప ఎవరికీ చూపించవు. బస్సు గోలలో ఎవరూ చూడరనుకొని ఆ రోజు చేతులెత్తావు. ఇదంతా తెలిసి కూడా చూపించాను. అడిగితే వద్దంటావని అడగలేదు. నాకు చాలా సిగ్గుగా ఉంది.

వీడియో కింద అక్షరాలు వేసే ఆ ప్లగిన్‌తో, అక్కడికక్కడే నువ్వు అన్నవన్నీ రాశాను. భుజం మాట దగ్గర హాలంతా నవ్వింది. నిన్ను చూసి కాదక్కా, నువ్వన్న మాటకు నవ్వారు. ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో నువ్వు కళ్లారా చూస్తే బాగుండుననిపించింది. బస్సు మలుపు తిరిగేటప్పుడు నువ్వు చేసిన చివరి సైగ దగ్గర మాత్రం ఏమీ రాయలేదు. రంజిత్ రెండుసార్లు అడిగినా చెప్పలేదు.

తిండి సంగతి అడిగావు, బగారన్నం, చికెన్ పెట్టారు. నేను సరిగ్గా తినలేకపోయాను. మెహందీ డిజైన్ల మీద బ్లాగు రాసే ఖుర్షీద్ అనే ఆమె ప్లేటు పట్టుకొని నా పక్కకు వచ్చింది. ఆమెదీ ఆదిలాబాదే.

"మా యుమ్నాకు నాలుగేండ్లు. దానికి గూడ మీ అక్క లెక్కనే చెవులు వినరావు. అది గూడ గిట్లనే చేతులు ఊపుతది. మంది నవ్వుతరని నేనే పట్టుకొని ఆపుతున్న" అన్నది. ప్లేటు పక్కన పెట్టేసింది. "పిల్లను మీ అక్కకు ఒక్కపారి సూపియ్యనా?"

వీడియో ఇంకా ఎక్కడా పెట్టలేదు. నువ్వు వద్దంటే ఫోనులో నుంచి కూడా తీసేస్తాను, మళ్లీ ఆ మాట ఎత్తను. ఖుర్షీద్ సంగతి వేరు. ఈ ఆదివారం నేను వస్తున్నాను, నువ్వు ఎప్పటిలాగే బస్టాండుకు వస్తావు. ఆమె కూడా యుమ్నాను తీసుకొని అక్కడికి వస్తానన్నది. ఆమెకు వద్దని చెప్పడం నా చేత కాలేదు. చెప్పాలనుకుంటే నువ్వే చెప్పు. కానీ ఆ పిల్ల చూస్తుండగా, నీ చేతులతోనే చెప్పు.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగా ఉన్న చెల్లెలు,
బ్లెస్సీ