అవ్వ చాటల వాసన

అవ్వా,

నీ అనుమతి లేకుండ నిన్ను కామారెడ్డి కాలేజీ దాక తీస్కపోయి, క్లాసు మొత్తం ముందట నిలబెట్టిన ఘోరాపరాధానికి నీ మనుమడు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నడు. పడ్డట్టు రాసిన గని, పడలే.

తెలుగు సారు ఇంట్ల మనిషి గురించి రాయుమన్నడు. చదివెటోళ్లకు ఆ మనిషి కనిపించాలె, వినిపించాలె అన్నడు. లింగంపేటల బీడీలు చేసిన నిన్ను రాసిన. తునికాకు మీద నీ కత్తెర చప్పుడు, దారం చుట్టి చుట్టి కాయగాసిన నీ వేలు నా చెంపకు గరుకుగ తాకుడు, అన్ని పెట్టిన.

సారు చదివి, "మంచిగున్నది గని, మీ అవ్వకు వాసనే లేదేందిరా?" అన్నడు.

వాసన వెతుక్కుంట నిన్న ఇంటికొస్తే, తెల్లారితే నీ సంవత్సరీకమని అమ్మ అన్ని కడుగుతున్నది. నీ బీడీల చాట సబ్బునీళ్ల పక్కనే ఉన్నది. అండ్ల ముఖం పెట్టిన. తంబాకు, తడి ఆకు, ఇంకా కొంచెం నువ్వు. తుమ్ములే తుమ్ములు.

"ఏం చేస్తున్నవ్ రా?"

"హోంవర్కమ్మా."

సబ్బు పడితే ఆ వాసన ఇగ దొరకది. నాకైతే దానికి మాటలు ఇంకా దొరకలే.

చాట కనవడ్తలేదని అమ్మ పొద్దటిసంది లొల్లి చేస్తున్నది. ఆమెతోని నేను గూడ వెతుకుతున్న. దాన్ని నీ చీరల మూటగట్టి అటక మీద దాచింది నేనే.