స్టీరింగు కుడివైపున్న బండి

ఏప్రిల్ 5, ఆదివారం

ఆయన బొమ్మ గీశారు. స్ట్రోకు వచ్చాక పెన్సిల్ పట్టడం ఇదే మొదలు. ఎడమ చేత్తో. మాట ఇంకా రాలేదు, కుడి చెయ్యి ఒళ్ళో బరువుగా పడి ఉంది. నా పేరు రాస్తారేమోనని కాగితం ఇచ్చాను... గీసింది లారీని. లారీ అంటే కోపం, పికప్పు అనాలి. యాభైల నాటి అమెరికా పికప్పు. ఇన్నేళ్ళ కాపురంలో నాకున్న ఒకే ఒక్క సవతి.

ఖాళీ రోడ్డు. చాలా దూరంలో గోరంత బండి. ఏడ్చాను, సంతోషంతోనే.

ఏప్రిల్ 6, సోమవారం

మళ్ళీ అదే.

ఏప్రిల్ 8, బుధవారం

రోజూ అదే బండి. కానీ గోరంతది అరచేయంత అయింది. ఇప్పుడు పోలికలు తెలుస్తున్నాయి — ఉబ్బిన మడ్‌గార్డులు, మూతి మీద అడ్డంగా కమ్మీలు, క్యాబిన్ వెనక మూలల్లో వంపు తిరిగిన చిన్న అద్దాలు. ఆ మూల అద్దాలంటే ఆయనకు ప్రాణం. పొద్దంతా షిప్‌యార్డులో డ్రాయింగులు గీసి, ఇంటికొచ్చి మళ్ళీ ఇవే గీసేవారు. "తర్వాత కంపెనీవాళ్ళు అన్నీ పెట్టెల్లా కోసేశారు పద్మా. గుండ్రం గీయాలంటే ఓపిక ఉండాలి..." నాకు మాత్రం అన్నీ కప్ప మొహాలే. పైకే అనేదాన్ని.

ఊరికి ఆ పక్క సెరంగూన్ నుంచి మా అమ్మాయి శిరీష ఫోను, ఇక్కడి పిల్లల్లాగే మాటకో 'లా' తగిలిస్తూ. "గుడ్ సైన్ లా, అమ్మా. నాన్న బ్రెయిన్ హీల్ అవుతోంది. గీయనీ." సరే, గీయనీ.

బండి దగ్గరికి వస్తున్నట్టుందని శిరీషతో అనలేదు.

ఏప్రిల్ 12, ఆదివారం

టోవా పాయో నుంచి అప్పలస్వామి అంకుల్ వచ్చారు. పక్క దేశం పెరాక్‌లో పుట్టి పెరిగిన మనిషి, ఈయనతో పికప్పుల మీద పోట్లాడడానికే మా బుకిట్ పంజాంగ్ దాకా వచ్చేవారు. అంకుల్‌కి తర్వాత వచ్చిన నున్నటి పక్కల బండ్లు ఇష్టం, సామాను ఎక్కువ పడుతుందని. ఈయనకు పాతవే — వెనక మడ్‌గార్డు బయటికి పొంగి, దాని ముందు కాలు పెట్టి ఎక్కడానికి మెట్టు ఉన్నవి.

ఇవాళ అంకుల్ ఒక్కరే మాట్లాడారు. బొమ్మలు చూస్తూ చూస్తూ ఆగారు.

"ఇదేటమ్మా, స్టీరింగు కుడేపుంది?"

ఉంటే ఏమైంది అంకుల్, అన్నాను.

"అమెరికా బండికి ఎడమేపే గదా. ఓపాలి నేను తప్పు గీసీసినానని మీ ఆయన వారం రోజులు మాటాడ్నేదు నాతోటి. ఈ మడిసి తప్పు గీయడమ్మా." కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "ఇక్కడి రోడ్డు మీద తిరగడానికి మార్చిన బండిది."

'మకాన్' అని తిండికి పిలిస్తే అందరికంటే ముందే కూర్చునే మనిషి, భోజనం వద్దని వెళ్ళిపోయారు.

ఏప్రిల్ 13, సోమవారం

బొమ్మలో ఉన్నది మా కార్ పార్కు. వంటింటి కిటికీలోంచి నాకు కనిపించేదే. చెట్టు కింద చివరి లాటు, పిట్టల రెట్ట పడుతుందని అక్కడ ఎవరూ కారు పెట్టరు. బొమ్మలో మాత్రం ఖాళీగా లేదు.

ఆయన కుర్చీలోంచి ఆ లాటు కనబడదు.

ఏప్రిల్ 15, బుధవారం

స్టీరింగు వెనక మనిషి. మొహం గీయలేదు. కుడి చెయ్యి మాత్రం కిటికీ మీద ఆనించి ఉంది, వేలికి ఉంగరం. ఆ చెయ్యి నాకు తెలియకపోవడమేమిటి... ఆస్పత్రిలో వేలు వాచిందని ఆ ఉంగరం తీయించి నేనే బీరువాలో పెట్టాను.

నన్ను వదిలి వెళ్ళడానికి సిద్ధమవుతున్నారు. ఇక్కడ రాశాను. ఎవరితోనూ అనను.

ఏప్రిల్ 16, గురువారం

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే పెన్సిల్ తీసుకుని ముందు చక్రానికి అడ్డంగా ఇటుక గీశాను. మా నాన్న ఎత్తు మీద లారీ ఆపినప్పుడు పెట్టేవాడు, అలా. ఇటుకో బ్రెడ్డు ముక్కో తెలియకుండా వచ్చింది. కాగితం చిరిగేంత గట్టిగా దిద్దాను.

కిటికీ పక్కనుంచి ఎల్ఆర్‌టీ రైలు. మా బ్లాకు దగ్గరికి రాగానే దాని అద్దాలు ఎప్పట్లాగే తెల్లబడ్డాయి, మా ఇళ్ళు లోపలివాళ్ళకు కనబడకుండా. లోపల ఎవరున్నారో మాకూ కనబడదు. ఇన్నేళ్ళలో ఇవాళే భయమేసింది.

ఏప్రిల్ 17, శుక్రవారం

కొత్త బొమ్మ. ఇటుక చక్రం దగ్గర లేదు. బండి వెనక చెక్క పలకల మీద, ఓ మూలగా, పొందికగా పెట్టి ఉంది. నేను గీసినదానికంటే మంచి ఇటుక. దాని పక్కన నా కుక్కరు, నా కుట్టు మిషను. నా సామాను ఆయనకెందుకు?

చక్రాల కింద నిమ్మకాయలు. కొత్త బండికి పూజ చేసి, మొదటిసారి కదిలేటప్పుడు తొక్కించడానికి పెడతామే, అవి. ఇంకా నలగలేదు.

"ఎక్కడికండీ?" అన్నాను. నవ్వారు. సగం మొహంతో.

ఏప్రిల్ 19, ఆదివారం

మార్కెట్టుకు వెళ్తూ, వద్దనుకుంటూనే ఆ చివరి లాటు వైపు తిరిగాను. నేల మీద నలిగిన నిమ్మకాయలు. పసుపు, కుంకుమ. రసం ఇంకా తడిగానే ఉంది.

ఎవరో కొత్త కారు కొనుక్కుని ఉంటారు. ఈ బ్లాకుల్లో మనవాళ్ళు బోలెడుమంది. అలా అనుకుంటూనే, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లెక్కాను.

ఉన్నారు. కుర్చీలో, కళ్ళు తెరిచి. పట్టుకుని ఏడ్చాను.

ఒళ్ళో బొమ్మ. ఈసారి వెనకనుంచి. బండి వెళ్ళిపోతోంది, తలుపులు రెండూ మూసి ఉన్నాయి. వెనక అద్దంలో రెండు తలలు. ఎడమవైపు తలకి ముడి. ముడికి నా క్లిప్పు, విరిగిన పన్నుతో సహా. మూల అద్దంలో నా చెంప కాస్త కనబడుతోంది. నవ్వుతున్నట్టుంది.

భయమేసింది. కానీ అంతకంటే ముందు, ఒక్కరే వెళ్ళడంలేదు కదా, హమ్మయ్య అనిపించింది. రాయడానికి సిగ్గుగా ఉంది.

ఏప్రిల్ 20, సోమవారం

తల దువ్వుకుందామంటే క్లిప్పు లేదు. నిన్న రాత్రి అద్దం ముందే పెట్టాను. మంచం కింద, బాత్రూములో... ఎక్కడా లేదు.

బీరువాలో ఉంగరం ఉందో లేదో చూడాలి. తాళంచెవి చేతిలోనే ఉంది, తెరవబుద్ధి కావడంలేదు.

ఇది రాస్తుండగానే హాల్లోంచి పిలిచారు. "పద్మా." ఎక్కడా తడబడలేదు. జబ్బుపడ్డాక మొదటి మాట.

మళ్ళీ పిలుస్తున్నారు.